లోహపు బొమ్మకు గాజులాంటి రెజిన్ ముక్క అతికించాలా? ఫెవిక్విక్ తీసే ముందు ఇవి తెలుసుకోండి

విదేశాల్లో ఉన్న మామూనో, భాయిజానో పంపిన పార్శిల్‌లో ఒక చిన్న లోహపు బొమ్మ వస్తుంది. ఎత్తు అంగుళానికి కాస్త ఎక్కువ. దాని చేతిలో పెట్టాల్సిన గాజులాంటి కత్తి, లేదంటే వెనక తగిలించాల్సిన మంట ముక్క విడిగా చిన్న కవర్లో ఉంటుంది. ఇంటర్ చదివే అబ్బాయి కిరాణా కొట్టుకెళ్లి ఐదు రూపాయల ఫెవిక్విక్ తెస్తాడు. ఒక చుక్క వేసి పది సెకన్లు నొక్కి పట్టుకుంటాడు. అతుక్కుంటుంది. మర్నాడు చూస్తే గాజులా మెరవాల్సిన ముక్క మీద సున్నం చల్లినట్టు తెల్లటి మసక. నాలుగు రోజుల తర్వాత బొమ్మ బల్ల మీంచి కింద పడితే ఆ ముక్క ఊడి ఎటో పోతుంది.

ఈ రెండు నష్టాలకీ కారణం చేతి పని సరిగా లేకపోవడం కాదు. సరైన గమ్ ఎంచుకోకపోవడం, అతికించే చోటును సిద్ధం చేయకపోవడం. ఈ రెండూ తెలిస్తే ఖరీదైన బొమ్మ పాడవదు. ఇంట్లో కూర్చుని రెజిన్ కీచైన్లు, నేమ్ ప్లేట్లు చేసి అమ్ముకునే అక్కాచెల్లెళ్లకు కూడా ఇదే విషయం పనికొస్తుంది.

ఏమిటీ బొమ్మలు?

బల్ల మీద చిన్న చిన్న సైన్యాలను నిలబెట్టి, పాచికలు వేసి, స్కేలుతో దూరం కొలిచి ఆడే యుద్ధపు ఆటలు యూరప్, అమెరికాల్లో పాతవే. ఇంగ్లిష్ రచయిత హెచ్.జి.వెల్స్ 1913లోనే బొమ్మ సైనికులతో ఆడే ఆట నియమాలను పుస్తకంగా తెచ్చారు. ఈ రంగంలో ఇప్పుడు బాగా పేరున్న గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1975లో బ్రిటన్‌లో మొదలైంది. నాటింగ్‌హామ్‌లో దాని ప్రధాన కార్యాలయం ఉంది. 1983లో వచ్చిన వార్‌హామర్ ఆటతో ఈ సరదా చాలా దేశాలకు పాకింది.

మొదట్లో ఈ బొమ్మలన్నీ దాదాపు లోహంతోనే పోసేవారు. తగరం ఎక్కువగా ఉండే మిశ్రమ లోహాన్ని కరిగించి, గిరగిరా తిరిగే రబ్బరు అచ్చుల్లో పోస్తారు. ఇప్పుడు పెద్ద కంపెనీలు ప్లాస్టిక్ వైపు వెళ్లినా, అమెరికాలోని రీపర్ లాంటి సంస్థలు లోహపు బొమ్మలు కూడా అమ్ముతున్నాయి. పాత లోహపు బొమ్మలు సెకండ్ హ్యాండ్‌లో చేతులు మారుతూనే ఉన్నాయి.

మంట, నీళ్లు, మెరుపు, పొగ, విమానం అద్దం, గాల్లో నిలబెట్టే స్టాండు... వీటిని లోహంతో చేస్తే ఎంత రంగు వేసినా సహజంగా కనిపించవు. అందుకే ఆ భాగాలను గాజులా ఆరపార కనిపించే రెజిన్‌తో చేస్తారు. త్రీడీ ప్రింటర్లు చౌకయ్యాక ఇలాంటి ముక్కలు ఇంట్లోనే ప్రింట్ చేసుకునేవాళ్లు కూడా పెరిగారు. కొన్ని ఇళ్లలో మనుషుల బొమ్మలు వద్దనుకుంటారు. అలాంటి చోట పిల్లలు ఓడలు, విమానాలు, బండ్లు తెచ్చుకుంటారు. బొమ్మ ఏదైనా అతికించే పద్ధతి ఒకటే.

మసక ఎందుకు పడుతుంది?

ఫెవిక్విక్ లాంటి గమ్ములను సూపర్ గ్లూ అంటారు. వీటిలో ఉండే రసాయనం సైనోయాక్రిలేట్. ఫెవికాల్ ఆరినట్టు ఇది ఆరదు. గాలిలో, వస్తువు మీద ఉండే కంటికి కనిపించని తేమ తగలగానే దాని అణువులు ఒకదానికొకటి గొలుసులా ముడిపడి గట్టి ప్లాస్టిక్‌గా మారిపోతాయి. అందుకే సెకన్లలో పట్టేస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. గమ్ గట్టిపడే లోపు అందులో కొంత ఆవిరై పైకి లేస్తుంది. ఆ ఆవిరి పక్కనే ఉన్న ముక్క మీద వాలి, అక్కడి తేమతో కలిసి తెల్లటి సన్నని పొడిగా గట్టిపడుతుంది. మసకగా కనిపించేది అదే. లోహం మీద, రంగు మీద పడినా పెద్దగా తెలియదు. గాజులాంటి ముక్క మీద మాత్రం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

ఇదే గుణాన్ని పోలీసులు తమకు అనుకూలంగా వాడుకుంటున్నారు. నేరం జరిగిన చోట దొరికిన వస్తువును మూసి ఉన్న పెట్టెలో పెట్టి, లోపల సూపర్ గ్లూను వేడి చేస్తారు. ఆవిరి వెళ్లి వేలిముద్రల మీద తెల్లగా పేరుకుంటుంది. కనిపించని ముద్ర కనిపిస్తుంది. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో కావాలని చేసే పనే బొమ్మ మీద అనుకోకుండా జరుగుతోంది. రెజిన్ ముక్కను ఒట్టి చేతులతో పట్టుకుని అతికిస్తే, కొన్నిసార్లు ఆ మసకలో వేలిముద్ర కూడా కనిపించేది ఇందుకే.

ఈ గమ్ పుట్టుక కథ కూడా చిత్రమైనదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, అమెరికాలోని ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీలో హ్యారీ కూవర్ బృందం తుపాకీ గురి చూసే భాగాల కోసం ఆరపార కనిపించే ప్లాస్టిక్‌ను వెతుకుతోంది. ఆ ప్రయత్నంలో ఈ రసాయనం బయటపడింది. ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతోందని పక్కన పెట్టేశారు. 1951లో దాని విలువ మళ్లీ తెలిసింది. 1958లో గమ్‌గా మార్కెట్లోకి వచ్చింది. గాజులాంటి వస్తువు కోసం వెతికితే దొరికిన గమ్, ఇవాళ గాజులాంటి ముక్కలకే పడటం లేదు.

తేమ ఎక్కువగా ఉంటే మసక కూడా ఎక్కువవుతుంది. అందుకే వానాకాలంలో, మచిలీపట్నం, విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. గమ్ ఎక్కువ పోసినా, గాలి ఆడని డబ్బాలో బొమ్మను మూసిపెట్టినా అంతే. దుమ్ము పడకూడదని చాలామంది అతికించిన వెంటనే డబ్బాలో పెట్టి మూత వేస్తారు. అలా చేస్తే ఆవిరి బయటికి పోయే దారి లేక మొత్తం ఆ ముక్క మీదే వాలుతుంది.

లోహం, రెజిన్: రెండింటి స్వభావం వేరు

కర్ర, అట్ట లాంటివి గమ్‌ను పీల్చుకుంటాయి. లోహం పీల్చుకోదు, రెజిన్ కూడా పీల్చుకోదు. రెండూ నున్నగా ఉంటాయి. గమ్ పైపైనే పట్టుకోవాలి తప్ప లోపలికి దిగలేదు.

పైగా రెండింటి మీదా కంటికి కనిపించని పొర ఉంటుంది. రెజిన్ అచ్చులోంచి తేలిగ్గా ఊడి రావడానికి జారుడు మందు రాస్తారు. లోహపు బొమ్మల రబ్బరు అచ్చులకు టాల్కం లాంటి పొడి చల్లుతారు. త్రీడీ ప్రింట్ ముక్క మీద గట్టిపడని రెజిన్ జిడ్డుగా మిగిలి ఉండొచ్చు. కడగకుండా అతికిస్తే గమ్ పట్టుకునేది ఆ పొరనే, ముక్కను కాదు.

ఇక వేడి. ఎండకు లోహం కొంచెం వ్యాకోచిస్తే, రెజిన్ దానికంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. సూపర్ గ్లూ అతుకు గట్టిదే గానీ పెళుసు. నేరుగా లాగితే గట్టిగా పట్టుకుంటుంది. పక్క నుంచి దెబ్బ తగిలినా, కింద పడినా, ఎండకు సాగినా గాజు విరిగినట్టు టప్పున విడిపోతుంది. మే నెలలో మూసి ఉన్న కారులో, కిటికీ గట్టు మీద బొమ్మను వదిలేస్తే ముక్క ఊడిపోవడానికి ఇదీ ఒక కారణం. బరువు కూడా చూడాలి. లోహపు బొమ్మను రెజిన్ స్టాండ్ మీద నిలబెడితే, ఆ బరువంతా ఒక చిన్న అతుకు మీదే పడుతుంది.

లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసేవాళ్ల పనిని గమనిస్తే కిటుకు అర్థమవుతుంది. లక్క కూడా సహజంగా దొరికే ఒక రెజినే. వేడికి మెత్తబడిన లక్కలోకి రాయిని అద్దితే అది కొంచెం లోపలికి దిగి కూర్చుంటుంది. చల్లారాక లక్క దాన్ని చుట్టూ పట్టుకుంటుంది. పైన అంటించడం వేరు, కూర్చోబెట్టడం వేరు. బొమ్మ విషయంలోనూ ముక్క కూర్చునే చోటు సరిగా ఉంటే అతుకు నిలుస్తుంది.

ఏ గమ్ దేనికి?

ఎపాక్సీ: రెండు ట్యూబుల్లో వస్తుంది. ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. మన దగ్గర ఆరాల్డైట్ అంటే అందరికీ తెలుసు. దీని నుంచి సూపర్ గ్లూలా తెల్లటి మసక రాదు. సందులు ఉన్నా నింపుతుంది. దెబ్బను కూడా కొంత ఓర్చుకుంటుంది. లోహానికి, రెజిన్‌కు బాగా పడుతుంది. బరువు మోసే అతుకుకు ఇదే మొదటి ఎంపిక. అయితే మామూలు రకం కాస్త పసుపు రంగులో ఉంటుంది. గాజులాంటి ముక్కకు ఆరాల్డైట్ క్లియర్ లాంటి రంగులేని రకమే తీసుకోవాలి. ఎండలో ఏళ్ల తరబడి ఉంచితే అది కూడా కొద్దిగా పసుపు తిరగొచ్చు. ఐదు నిమిషాల్లో పట్టే రకమైనా పూర్తి బలం రావడానికి దాదాపు ఒక రోజు పడుతుంది.

యూవీ గమ్: నీలి ఊదా కాంతి పడితేనే గట్టిపడుతుంది. లోహం, లోహం అతికించడానికి ఇది పనికిరాదు. ఎందుకంటే మధ్యలోకి కాంతి వెళ్లదు. కానీ ఇక్కడ ఒక ముక్క గాజులా ఉంది. దాని గుండా లైటు వేస్తే కాంతి గమ్ దాకా చేరుతుంది. ఆరపార కనిపించే ముక్కను లోహానికి అతికించడానికి అందుకే ఇది బాగా కుదురుతుంది. లైటు వేసేదాకా గట్టిపడదు కాబట్టి ముక్కను నింపాదిగా సర్దుకోవచ్చు. గమ్‌తో వచ్చే చిన్న టార్చి గానీ, గోళ్ల రంగుకు వాడే యూవీ ల్యాంప్ గానీ సరిపోతుంది. రెండు జాగ్రత్తలు: ముక్క ముదురు రంగులో ఉంటే కాంతి సరిగా దిగదు, లోహం నీడ పడిన మూలల్లో గమ్ పచ్చిగానే మిగిలిపోవచ్చు. అందుకే అన్ని వైపుల నుంచీ లైటు తిప్పుతూ వేయాలి.

బీ-7000 లాంటి గమ్: మొబైల్ డిస్‌ప్లేలు అతికించడానికి రిపేర్ షాపుల్లో వాడేది. హైదరాబాద్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల అడిగితే ఇస్తారు. ఆరాక రంగు లేకుండా రబ్బరులా సాగుతుంది. అందువల్ల చిన్న చిన్న కుదుపులకు విరగదు. అయితే తీగలు తీగలుగా సాగి ముక్కకు అంటుకుంటుంది. పూర్తిగా పట్టడానికి ఒకటి రెండు రోజులు ఆగాలి. ఇందులో ఉండే ద్రావకం కొన్ని ప్లాస్టిక్‌లను పాడు చేయగలదు. ముందు కనిపించని చోట చుక్క వేసి చూడటం మంచిది.

తెల్ల ఫెవికాల్ రకం: మసక రాదు. పొరపాటు జరిగితే తడి గుడ్డతో తుడిచేయొచ్చు. మోడల్ విమానాలకు కాక్‌పిట్ అద్దం పెట్టేవాళ్లు ఈ రకాన్నే ఎక్కువగా వాడతారు. కానీ బలం తక్కువ. చుట్టూ అంచు ఉండి, ముక్క అందులో కూర్చుంటే సరిపోతుంది. కత్తి, మంట లాంటి బయటికి పొడుచుకొచ్చే ముక్కలకు చాలదు.

సూపర్ గ్లూ: పూర్తిగా పనికిరాదని కాదు. మసక తక్కువ వచ్చే, వాసన తక్కువ ఉండే రకాలు కూడా దొరుకుతాయి. అవి మామూలు వాటికంటే ఖరీదు ఎక్కువ, పట్టు కాస్త నెమ్మది. లోహపు చెయ్యిని లోహపు భుజానికి అతికించడానికి మామూలు రకం వాడొచ్చు. అయితే ఆ పని రెజిన్ ముక్క పెట్టకముందే పూర్తి చేసుకుని, ఆవిరి పోయేదాకా ఆగాలి.

అతికించే ముందే సగం పని

ముందు గమ్ లేకుండా ముక్కను పెట్టి చూడాలి. ఊగుతోందా? సందు కనిపిస్తోందా? లోహం అంచున అచ్చు గీత మిగిలి ఉంటే చిన్న ఆకురాయితో తీసేయాలి. ఏ రెండు ముఖాలు కలుస్తాయో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి.

తర్వాత రెండింటినీ గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్, పాత టూత్‌బ్రష్‌తో కడగాలి. వేడి నీళ్లు వద్దు, సన్నని రెజిన్ వంగిపోతుంది. పూర్తిగా ఆరనివ్వాలి. త్రీడీ ప్రింట్ ముక్క అయితే ముందే ఆల్కహాల్‌తో కడిగి, యూవీ కాంతిలో పూర్తిగా గట్టిపరిచి ఉండాలి. కడిగాక అతుకు పడే చోట వేలు తగలకూడదు. చిన్న చిమ్టాతో గానీ, గ్లౌజులతో గానీ పట్టుకోవాలి.

ఇప్పుడు అతుకు పడే ముఖాలను మాత్రమే సన్న శాండ్ పేపర్‌తో గరుకు చేయాలి. లోహానికి 220 నంబరు, రెజిన్‌కు 400 నంబరు సరిపోతాయి. గాజులాంటి ముక్కను గీరితే పాడైపోదా అని చాలామంది భయపడతారు. గీరిన చోట తెల్లగా అయ్యేది నిజమే. కానీ రంగులేని ఎపాక్సీ గానీ, యూవీ గమ్ గానీ ఆ గీతల్లోకి దిగగానే తెలుపు చాలావరకు మాయమవుతుంది. కాంతిని వంచే విషయంలో గమ్, రెజిన్ దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి గీతలు కంటికి ఆనవు. మసకబారిన గాజు మీద నీళ్లు పోస్తే స్పష్టంగా కనిపించడం లాంటిదే ఇది. బయటికి కనిపించే ముఖాలను మాత్రం గీరకూడదు. వాటి మీద ముందే టేపు అంటించుకుంటే మంచిది.

పిన్ పెట్టాలా, వద్దా?

లోహపు బొమ్మల్లో బరువైన భాగాలకు పిన్ పెట్టడం మామూలే. చేత్తో తిప్పే చిన్న డ్రిల్‌తో రెండు వైపులా 0.8 లేదా 1 మిల్లీమీటర్ రంధ్రం చేస్తారు. ఇత్తడి తీగనో, పేపర్ క్లిప్ ముక్కనో మధ్యలో పెట్టి గమ్ వేస్తారు. అప్పుడు దెబ్బ తగిలినా భారం గమ్ మీద కాకుండా తీగ మీద పడుతుంది.

గాజులాంటి ముక్కలో ఈ తీగ బయటికి కనిపిస్తుంది. రంధ్రం లోపలి గోడ కూడా తెల్లగా మారుతుంది. దీనికి మూడు దారులు ఉన్నాయి. మొదటిది, ముక్క అడుగు భాగం కత్తి పిడిలోనో, రాళ్ల మధ్యలోనో దాగుతుంటే అక్కడ 2, 3 మిల్లీమీటర్ల లోతుకే పిన్ పెట్టడం. రెండోది, లోహపు తీగ బదులు చేపలు పట్టే లావుపాటి నైలాన్ దారం ముక్క వాడటం. అది రంగులేనిది, రంధ్రంలో రంగులేని గమ్ నిండితే పెద్దగా కనిపించదు. మూడోది, రెజిన్‌ను అసలు ముట్టుకోకుండా లోహం వైపే చిన్న గుంత చేసి ముక్క అడుగును అందులో కూర్చోబెట్టడం. లాడ్‌బజార్ పద్ధతి లాంటిది ఇదే.

రెజిన్‌లో రంధ్రం చేయక తప్పకపోతే నెమ్మదిగా తిప్పాలి. మధ్యమధ్యలో డ్రిల్ బయటికి తీసి పొడి దులపాలి. కరెంటు డ్రిల్ వేగానికి రెజిన్ వేడెక్కి పగులుతుంది. వేలెడంత సన్నని కత్తులకు, రెక్కలకు పిన్ పెట్టకపోవడమే మేలు.

ముందు రంగు, తర్వాత అతుకు

ఈ వరుస తప్పితే గమ్ ఎంత మంచిదైనా ఫలితం ఉండదు. లోహపు బొమ్మకు ప్రైమర్, రంగులు, పైన వేసే వార్నిష్ అన్నీ ముందే పూర్తి కావాలి. మెరుపు లేని వార్నిష్ స్ప్రే రెజిన్ ముక్క మీద పడిందంటే సూపర్ గ్లూ మసక కంటే ఘోరంగా ఉంటుంది. రెజిన్ ముక్క చివరన రావాలి.

అయితే అతుకు పడే చోట రంగు ఉండకూడదు. రంగు మీద గమ్ వేస్తే, రంగు ఎంత గట్టిగా ఉంటే అతుకు అంతే గట్టిది. పొర లేచిపోతే ముక్క కూడా లేచిపోతుంది. అందుకే ప్రైమర్ వేసే ముందే ఆ చోట టేపు ముక్కనో, చిన్న మైనపు ముద్దనో అంటించి, చివర్లో తీసేయాలి. మర్చిపోతే ఆ కాస్త చోట రంగును బ్లేడుతో గీకేయాలి.

పని వరుస ఇలా

ఎపాక్సీతో అయితే ప్యాక్ మీద చెప్పిన పాళ్లలో రెండింటినీ పాత ప్లాస్టిక్ మూత మీద తీసుకోవాలి. పాళ్లు తప్పితే గమ్ ఎప్పటికీ జిగటగానే ఉంటుంది. మరీ చిన్న చుక్కలతో కొలత కుదరదు. కొంచెం వృథా అయినా బఠాణీ గింజంత అయినా కలపాలి. టూత్‌పిక్‌తో నెమ్మదిగా ఒక నిమిషం పాటు కలపాలి. గిలక్కొడితే బుడగలు వస్తాయి, అవి గాజులాంటి ముక్కలో కనిపిస్తాయి.

టూత్‌పిక్ మొనతో లోహం వైపు సన్నగా రాయాలి. ముక్కను ఒక పక్క నుంచి వాల్చుతూ పెడితే గాలి బయటికి పోతుంది. నిటారుగా నొక్కితే గాలి లోపలే చిక్కుకుంటుంది. అంచున పొంగిన గమ్‌ను వెంటనే పొడి టూత్‌పిక్‌తో తీసేయాలి. గట్టిపడ్డాక తీయాలంటే ముక్క మీద గీతలు తప్పవు.

తర్వాత కదలకుండా నిలబెట్టాలి. చిన్న బియ్యం గిన్నెలో బొమ్మను గుచ్చి, అతుకు భాగం పైకి వచ్చేలా పెడితే చాలు, వేరే పరికరం అక్కర్లేదు. యూవీ గమ్ అయితే ముందు రెండు మూడు సెకన్లు లైటు వేసి ముక్క నిలిచిందో లేదో చూసుకోవాలి. సరిగా ఉంటే అన్ని వైపుల నుంచీ పూర్తిగా వేయాలి. ఏ గమ్ అయినా మొదటిసారి అసలు బొమ్మ మీద కాకుండా, ముక్కలు విరిచాక మిగిలే రెజిన్ పుల్ల మీద ప్రయత్నించాలి.

ఇప్పటికే మసక పడితే?

కంగారు పడి అసిటోన్‌తో, గోళ్ల రంగు తీసే మందుతో తుడవొద్దు. అది సూపర్ గ్లూను కరిగిస్తుంది, కానీ చాలా రకాల ప్లాస్టిక్, రెజిన్ ముక్కలను కూడా మెత్తబరిచి, లోపల సన్నని పగుళ్లు తెస్తుంది. ఆ నష్టం మళ్లీ బాగుపడదు.

మసక సాధారణంగా పైపైనే ఉంటుంది. ముందు తడిపిన మెత్తటి గుడ్డతో నెమ్మదిగా రుద్ది చూడాలి. పోకపోతే రంగులేని, మెరుపు ఉండే యాక్రిలిక్ వార్నిష్‌ను బ్రష్‌తో ఒక సన్నని పూత వేయాలి. పొడి రేణువుల మధ్య సందులు నిండి చాలావరకు స్పష్టత తిరిగి వస్తుంది. ఇదే వార్నిష్‌ను ముందుగానే ముక్కంతా వేసి ఆరనిస్తే, తర్వాత సూపర్ గ్లూ వాడాల్సి వచ్చినా మసక నుంచి కొంత రక్షణ ఉంటుంది. అప్పుడు కూడా అతుకు పడే ముఖం మీద పూత ఉండకూడదు.

ఇంట్లో జాగ్రత్తలు

బొమ్మ పాడైతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. కన్ను, ఊపిరితిత్తులు అలా కాదు.

సూపర్ గ్లూ నూలు బట్ట మీద, దూది మీద ఎక్కువగా పడితే ఒక్కసారిగా వేడెక్కి చర్మాన్ని కాల్చగలదు. చిందిన గమ్‌ను దూదితో, చున్నీ కొసతో తుడవకూడదు. వేళ్లు అంటుకుపోతే లాగొద్దు. గోరువెచ్చటి సబ్బు నీళ్లలో ఉంచి నెమ్మదిగా జరుపుతూ విడదీయాలి. కంట్లో పడితే రెప్పలను బలవంతంగా తెరవకుండా, నీళ్లతో కడుగుతూ వెంటనే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

గట్టిపడని ఎపాక్సీ, యూవీ రెజిన్ చర్మానికి మళ్లీ మళ్లీ తగిలితే అలర్జీ రావచ్చు. ఒకసారి మొదలైతే తర్వాత కొంచెం తగిలినా దురద, దద్దుర్లు వస్తాయి. నైట్రైల్ గ్లౌజులు వేసుకోవాలి. రెజిన్‌ను గీరేటప్పుడు నీళ్లతో తడిపి గీరితే పొడి గాల్లో లేవదు. మాస్కు తప్పనిసరి. యూవీ లైటు వైపు నేరుగా చూడకూడదు. వంట చేసే చోట, అన్నం తినే దస్తర్‌ఖాన్ పరిచే చోట ఈ పని వద్దు. కిటికీ తీసి ఉన్న గదిలో, పాత పేపర్ పరిచి చేసుకోవాలి. బొమ్మను నిలబెట్టిన బియ్యాన్ని మళ్లీ వంటకు వాడొద్దు.

పాత బొమ్మల విషయంలో ఇంకో మాట. 1990లకు ముందు పోసిన లోహపు బొమ్మల్లో చాలావాటిలో సీసం ఉంటుంది. సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో తెచ్చిన బొమ్మ మరీ బరువుగా, మెత్తగా ఉన్నా, బూడిద రంగు పొడి రాలుతున్నా చిన్నపిల్లలకు అందనివ్వొద్దు. దాన్ని ఆకురాయితో రుద్దొద్దు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కీచైన్లు, నేమ్ ప్లేట్లు చేసేవాళ్లకు

హైదరాబాద్‌లోనూ, జిల్లాల్లోనూ ఇంటి నుంచే రెజిన్ వస్తువులు చేసి అమ్మే మహిళలు ఉన్నారు. నిఖా తేదీ ఫ్రేములు, పేర్ల కీచైన్లు, ఇత్తడి అక్షరాలు పెట్టిన నేమ్ ప్లేట్లు. కస్టమర్ ఫిర్యాదు ఎక్కువగా రెండింటి మీదే ఉంటుంది: అక్షరం ఊడిపోయిందని, చుట్టూ తెల్లబడిందని. కారణం బొమ్మల విషయంలో చెప్పుకున్నదే. త్వరగా అయిపోతుందని సూపర్ గ్లూ వేయడం, ఇత్తడి మీద నూనె పొర తీయకపోవడం, గరుకు చేయకపోవడం. వెంటనే డబ్బాలో ప్యాక్ చేయడం మరీ ప్రమాదం. ఆవిరి లోపలే ఉండిపోయి, కస్టమర్ ప్యాక్ విప్పేసరికి ముక్క మసకబారి ఉంటుంది. ఒక రోజంతా గాలికి ఉంచి, తర్వాతే ప్యాక్ చేయాలి.

లెక్క వేసి చూస్తే ఇందులో ఖర్చు పెద్దగా లేదు. రంగులేని ఎపాక్సీ ప్యాక్ ఒకటి కొంటే చాలా ముక్కలకు వస్తుంది. శాండ్ పేపర్, టూత్‌బ్రష్, టూత్‌పిక్ అన్నీ ఇంట్లో ఉండేవే. అదనంగా పెట్టాల్సింది ఒక రోజు ఓపిక. ఆ ఒక్క రోజు ఆగకపోతే విదేశాల నుంచి కస్టమ్స్ కట్టి తెప్పించుకున్న బొమ్మ పాడవుతుంది. లేదంటే పూర్తయిన ఆర్డర్ డబ్బులు వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది. గాజులాంటి ముక్కకు సూపర్ గ్లూ దూరంగా ఉంచడం, అతుకు పడే చోటును కడిగి గరుకు చేయడం, రెజిన్‌ను చివర్లో పెట్టడం. ఈ మూడూ పాటిస్తే లోహానికి, రెజిన్‌కు మధ్య అతుకు ఏళ్ల తరబడి నిలుస్తుంది.